ఒడ్డున ఉన్నవాళ్ళ వాటా

గట్టుపాలెం రేవులో పొద్దుగూకేసరికి వెలిగే స్తంభం దీపం ఎవరు వేయించారని ఎవర్నడిగినా పోతురాజు పేరే చెబుతారు. ఏటిగట్టు మీంచి నీళ్ళదాకా దిగే సిమెంటు మెట్లు ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి సాధించినవి. చేప పాడైపోకుండా దాచుకునే ఐసు గదీ అంతే. చదువు ఊరిబడిలో ఐదో తరగతితో ఆగిపోయినా, పోతురాజు రాసిన అర్జీని పక్కన పడేసిన ఆఫీసరు ఈ గోదావరి జిల్లాల్లో లేడు. ఈ మాట స్వయంగా పోతురాజే చెబుతాడు. కాదనే మనిషి కూడా ఆ ఊళ్ళో లేడు.

ఏటిగట్టుకి పైన రైతుల ఊరు. వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు. గట్టుకి దిగువన, గౌతమి పాయని ఆనుకుని పల్లిపాలెం. అక్కడివాళ్ళంతా వేట మీద బతికేవాళ్ళు. మగవాళ్ళు తెల్లారకుండా బోట్లేసుకుని ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్ళి వస్తారు. ఆడవాళ్ళు రేవులో వేలం పాటలో చేప పాడుకుని, తట్టల్లో నెత్తిన పెట్టుకుని ఊళ్ళమీద పడతారు. ఏ బోటు చేప ఎవరికి దక్కాలో తేల్చే పాట పాడేది పోతురాజు. డెబ్భయ్యేళ్ళు దాటినా ఆయన గొంతెత్తితే అవతలి లంకలో మేస్తున్న గేదెలు తలెత్తి చూస్తాయి.

దీపం, మెట్లు, ఐసు గది అన్నీ ఒక ఎత్తు. ఒడ్డు వాటా ఒక్కటీ ఒక ఎత్తు.

వేటలో పడినదాన్ని డీజిలుకీ ఐసుకీ పోగా పంచుకోవడంలో ఒక పద్ధతుంది. బోటుకో వాటా, వలకో వాటా, వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక వాటా. తాతల కాలంలో ఇంకో వాటా కూడా ఉండేది. జ్వరమొచ్చో దెబ్బ తగిలో ఇంట్లో పడుకున్న మనిషిని కూడా పడవలో ఉన్నట్టే లెక్కలో వేసేవాళ్ళు. దాన్ని ఒడ్డు వాటా అనేవాళ్ళు. తెరచాపలు పోయి ఇంజన్లొచ్చాక డీజిలు ఖర్చు పెరిగింది, ఆ వాటా మాయమైంది. వెళ్ళినవాడికే ముద్ద. గుండెలో పోటొస్తున్నా నోరు మూసుకుని బోటెక్కిన మనిషి ఒకడు నడిసముద్రంలో కూలిపోయి, శవమై రేవుకి వచ్చాడు. అతను పోతురాజుకి చిన్ననాటి నుంచీ జోడు.

దినం భోజనాలు కాగానే పోతురాజు బోటు యజమానుల్ని కూచోబెట్టాడు. ఒప్పుకునేదాకా ఎవర్నీ లేవనివ్వలేదు. ఒడ్డు వాటా మళ్ళీ వచ్చింది. ఐసు గది గోడ మీద నీలం రంగుతో తన చేత్తోనే రాశాడు: "పడవెక్కే మనిషి జబ్బుపడితే అతని వాటా అతని ఇంటికి చేరాలి. ఇది అందరి కట్టుబాటు." అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. అప్పట్నుంచి షుగరుకీ బీపీకీ మందులు మింగి రెండ్రోజులు పడుకున్నా పొయ్యి ఆరలేదు. పక్క రేవులవాళ్ళొచ్చి చూసి వెళ్ళారు. వచ్చినవాళ్ళకి గోడ చూపించకుండా పోతురాజు టీ ఇప్పించిన పాపాన పోలేదు.

ఆశ్వీజం మధ్యలో ఒకనాడు పాట జరుగుతుండగా ఆయన చూపు మెట్లమీద ఆగింది. తడి మెట్ల మీద ఒక కాలి ముద్రలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆ ముద్రల వెంట చూపు పోనిస్తే, జెల్ల చేపల తట్ట ఎత్తుకుంటూ అచ్చాయమ్మ కనిపించింది. మొగుడు పోయిన మనిషి. కూతురికి పెళ్ళయి పట్టిసీమ దగ్గర అత్తారింట్లో ఉంది. తట్టే ఆమెకి ఆధారం.

"అచ్చాయమ్మా, కాలికేంటే అది?"

"ఏమీ లేదన్నయ్యా. నీళ్ళు."

"ఎర్రనీళ్ళు ఏ ఏట్లో పారతన్నాయే? కూచో."

కాలెత్తి చూస్తే చిటికెనవేలి కింద, మెత్తటి చోట, జెల్ల ముల్లు దిగబడి ఉంది. చుట్టూ చీము పట్టి నల్లబడింది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎంతటి మగాడైనా చంటిపిల్లాడిలా ఏడవాల్సిందే. పల్లిపాలెంలో అది తెలియని ప్రాణి లేదు. ఈమె ఆ ముల్లుతోనే ఊరంతా తిరిగి చేపలమ్మింది.

"నొప్పి లేదా?" అన్నాడు పోతురాజు.

"లేదు" అంది అచ్చాయమ్మ. ఆ మాట అన్నాక తనే భయపడింది.

సబ్‌సెంటరు నర్సు పావని వచ్చి ముల్లు తీసింది. షుగరు చూసి పెదవి విరిచింది. "షుగరు ముదిరి పాదంలో స్పర్శ చచ్చిపోయింది మావయ్యగారూ. కాకినాడ తీసుకెళ్ళండి, ఇవాళే" అంది. పెద్దాసుపత్రిలో చిటికెనవేలు తీసేశారు. డాక్టరమ్మ పోతురాజుకి ఒకే మాట చెప్పింది. నెలన్నరపాటు ఆ కాలు నేలకి ఆనకూడదు. ఆనితే తర్వాత తీసేది వేలు కాదు, పాదం.

పాదం లేని మనిషి తట్టెలా మోస్తుంది? ఆ మాట పోతురాజు ఎవరితోనూ పైకి అనలేదు. ఆటోలో వస్తున్నంతసేపూ దాన్నే నములుతూ కూచున్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడే అచ్చాయమ్మ రేవులో ప్రత్యక్షమైంది. కట్టు మీద ప్లాస్టిక్ సంచి చుట్టి, తాడు బిగించి, చంకలో తట్ట పెట్టుకుని.

"ఒసేయ్, నీకు మతుందా? డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"పడుకోమంది. పడుకుంటే పొయ్యి మీద ఏం పెట్టాలో చెప్పలేదు అన్నయ్యా. నువ్వు చెప్పు, పెడతాను."

"నేను పంపిస్తాను బియ్యం."

"నీ ఇంట్లో పండుతున్నాయేంటి? వదిన చేత ఎక్కడో అప్పు తెప్పించి నాకు పెడతావు. వద్దు."

"పోనీ బంగార్రాజుగార్ని అడుగుదాం. పెద్దమనిషి. కాదనడు."

ఆ పేరు వినగానే అచ్చాయమ్మ మొహం ముడుచుకుపోయింది. బంగార్రాజు పై ఊళ్ళో అరటితోటల రైతు. చేతికి ఎముక లేని మనిషే. కిందటి వేసవిలో తన పెరట్లో ఉచిత వైద్యశిబిరం పెట్టించాడు. తట్టలవాళ్ళు చేపలన్నీ అమ్ముకుని వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది, షుగరు చూసేవాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. ఉత్తి చేతుల్తో పంపడం ఇష్టంలేక బంగార్రాజు తలా ఒక బియ్యం బస్తా ఇచ్చి ఫొటో తీయించాడు. ఆ ఫొటో ఫ్లెక్సీ అయి ఊరి సెంటర్లో వేలాడింది. అందులో చెయ్యి చాచి నిలబడ్డది అచ్చాయమ్మే.

"మూడు నెలలు వేలాడాను అన్నయ్యా ఆ సెంటర్లో. వానకి తడిసి నా మొహం చిరిగిపోయేదాకా తియ్యలేదు. చేప బేరం దగ్గర ఒకావిడ ఏమందో తెలుసా? 'నీకు బియ్యం ఉత్తినే వస్తున్నాయిగా అచ్చాయమ్మా, కూరొక్కటేగా ఖర్చు, తగ్గించి ఇవ్వు' అంది. నేను ముష్టి ఎత్తను. నా కాలు పోతే పోనీ."

"ముష్టి ఎవడు ఎత్తమన్నాడే! మనకి ఒడ్డు వాటా ఉంది. నేను పెట్టించిందే. అది నీ హక్కు" అన్నాడు పోతురాజు ఛాతీ విరిచి. "ఇవాళే చెబుతాను. పో, ఇంటికి పో."

మేనల్లుడు సురేంద్ర అప్పుడే బోటు కడుతున్నాడు. పాలెంలో పెద్ద ఇంజను బోటు అతనిదే. అచ్చాయమ్మ ఎక్కువగా పాడుకునేది అతని చేపే. పోతురాజు విషయం చెప్పగానే సురేంద్ర తాడు ముడి వేయడం ఆపాడు.

"మావయ్యా, ఆవిడ ఏ బోటు మనిషి?"

"అంటే?"

"ఒడ్డు వాటా బోటు మనుషులకి కదా. ఆవిడ నా దగ్గర చేప పాడుకుంటుంది, అమ్ముకుంటుంది. లాభమూ ఆవిడదే, నష్టమూ ఆవిడదే. నాకు జాలి లేక కాదు. ఇవాళ ఆవిడకిస్తే రేపు తట్టలవాళ్ళందరూ అడుగుతారు. బోటెక్కేవాళ్ళకంటే తట్టలే ఎక్కువ. నా కుర్రాళ్ళకి నేనేం చెప్పాలి?" అని ఐసు గది గోడకేసి గడ్డం ఎత్తి చూపించాడు. "పడవెక్కే మనిషి అని నువ్వే రాశావు. మన ఆడాళ్ళు పడవెక్కరు కదా."

పోతురాజు గోడ చదివాడు. గుండ్రటి అక్షరాలు. తనవే. తిన్నగా ఇంటికొచ్చాడు.

సత్యవాణి పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. కట్టుకున్న మనిషి మొహం చూడగానే సంగతి పట్టేసింది. మొత్తం విన్నాక ఒక సావడాయి చేపని దులిపి పక్కన పెట్టింది.

"రాసేటప్పుడు నన్నడిగావా?"

"నిన్నడగడానికి అది బోట్ల వ్యవహారం."

"ఆయ్, మీది బోట్ల వ్యవహారం. వేసవిలో సర్కారు వేట ఆపించినప్పుడు బోట్లన్నీ ఒడ్డెక్కి, మీరందరూ చెట్టు కింద పేకాడతా కూచుంటారు చూడు, అప్పుడెవరి వ్యవహారం? ఈ ఎండుచేప నెత్తిన పెట్టుకుని ద్వారపూడి సంతకీ రామచంద్రపురానికీ ఎవరెళ్తారు? రెండు నెలలు ఒడ్డున కూచున్న మగాళ్ళకి ఎవరు పెడతన్నారు వాటా?"

పోతురాజు ఆరేసిన చేపనొకదాన్ని తీసి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత "ఆ మాట నాకు ముందే తట్టిందిలే" అన్నాడు.

"తట్టింది, తట్టింది" అంది సత్యవాణి, ఇంకో చేప తిరగేస్తూ.

ఆయనకి ఒక అలవాటుంది. కట్టుబాటు తనదైనా సరే, తప్పని తెలిశాక నిద్రపట్టదు. మెట్ల కోసం ఆఫీసు గుమ్మంలో పడిగాపులు పడ్డప్పటి మొండితనమే మళ్ళీ పట్టుకుంది. వేట లేని రోజున రేవులో సభ పెడుతున్నట్టు గడప గడపకీ వెళ్ళి చెప్పాడు. ఈసారి ఆడవాళ్ళని కూడా రమ్మన్నాడు. అది వినే సగంమంది యజమానులు ముందుగానే మొహాలు చిట్లించుకుని వచ్చారు.

సభలో సురేంద్ర ఉన్నమాటే మళ్ళీ చెప్పాడు. అతను అబద్ధం చెప్పలేదు, అన్యాయంగానూ మాట్లాడలేదు. డీజిలు మండిపోతోంది, చేప తగ్గిపోతోంది, కుర్రాళ్ళు భీమవరం రొయ్యల చెరువుల్లో పనికి పోతున్నారు. ఉన్న వాటాని ఇంకా తరిగితే బోటెక్కేవాడు మిగలడు. నలుగురూ తలలూపారు.

పోతురాజు లేచాడు. పాట పాడే గొంతు కాకుండా మామూలు గొంతుతో మొదలుపెట్టాడు.

"ఒరేయ్ సురేంద్రా, వేసవిలో నీ బోటెక్కడుంటుంది?"

"ఒడ్డునే. అందరిదీ ఒడ్డునే."

"నువ్వెక్కడుంటావు?"

"నేనూ ఒడ్డునే." జనం నవ్వారు.

"తిండెవరు పెడతన్నారు?"

"సర్కారు భృతి వస్తుంది కదా మావయ్యా."

"వస్తుంది. ఎప్పుడొస్తుంది? అది వచ్చేదాకా కడుపు ఆగిందా? మీ అమ్మ ఎండుమెత్తళ్ళు తట్టలో పెట్టుకుని ఎండలో కాళ్ళు కాలతా అమ్ముకొచ్చి నీకు ముద్ద పెట్టిందా లేదా?"

సురేంద్ర నవ్వు ఆగిపోయింది. వెనక వరసలో వాళ్ళమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మనం బోటెక్కని రోజుల్లో ఆళ్ళు మనకి వాటా పెట్టారు. ఎన్నేళ్ళనించో పెడతానే ఉన్నారు. ఏ గోడమీదా రాసుకోలేదు. ఆళ్ళు తట్టెత్తలేని రోజున మనం పెట్టమంటే, నువ్వు ఏ బోటు మనిషివని అడుగుతామా? నీ చేప మోసిన మనిషి నీ బోటు మనిషే. మోసే తట్టే ఆళ్ళ పడవ. నాకు ఈ మాట ఎప్పట్నుంచో..."

సత్యవాణి గట్టిగా దగ్గింది.

"...మా ఇంటావిడ చెప్పింది" అని ముగించాడు పోతురాజు. ఈసారి ఆడవాళ్ళంతా ఒక్కసారే నవ్వారు. సురేంద్ర తల వంచుకుని ఇసకలో కాలిబొటనవేలితో గీతలు గీసి, "నా బోటు నుంచి మొదలెట్టండి. తట్టలవాళ్ళు కూడా మంచిరోజుల్లో ఓ గుప్పెడు చేప ఈ వాటాలో వెయ్యాలి మరి. ఒకవైపు నుంచే అయితే నిలబడదు" అన్నాడు. అది సబబుగానే ఉందని తట్టలవాళ్ళే ముందు ఒప్పుకున్నారు. ఇద్దరు యజమానులు సణుక్కుంటూ లేచి వెళ్ళారు. వాళ్ళ భార్యలు లేవలేదు. దాంతో ఆ రెండు బోట్ల సంగతీ తేలిపోయింది.

అంతా అయ్యాక గట్టు మీంచి ఒక గొంతు వినపడింది. "నన్నడగకుండా నా గురించి సభ పెట్టారు బానే ఉంది."

అచ్చాయమ్మ. కబురు తెలిసి అత్తారింటి నుంచి వచ్చిన కూతురి భుజం పట్టుకుని ఒంటికాలిమీద నిలబడి ఉంది.

"హక్కు అంటున్నారు కాబట్టి తీసుకుంటాను. కానీ నేను కూచుని తినే మనిషిని కాను. కూచుని చేసే పనేదైనా ఉంటే చెప్పండి. లేదంటే రేపే తట్టెత్తుతాను."

ఎవరో వలల మాటెత్తారు. వలలు కుట్టడం మగవాళ్ళ పని, దానికి పోటీ చాలా ఉంది. అప్పుడు నర్సు పావని, అంతదాకా ఒక మూల నిలబడ్డ పిల్ల, ముందుకొచ్చింది. "అచ్చాయమ్మత్తా, నీకు తెలీకుండా ముల్లు దిగినట్టే ఇంకెంతమంది పాదాల్లో దిగి ఉందో! ఎవరి అరికాలు వాళ్ళకి కనపడదు. నువ్వు రోజూ పాట ముందు మెట్లమీద కూచుని అందరి పాదాలూ చూడు. ఎలా చూడాలో నేను నేర్పుతాను. అనుమానం ఉంటే నా దగ్గరికి పంపు."

"నా కాళ్ళు ఎవరూ చూడకుండా దాచుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు అందరివీ నేను చూడాలా?" అంది అచ్చాయమ్మ. కాసేపు ఆలోచించింది. "సరే. పీట ఎవరు తెస్తారు?"

పీట సురేంద్ర తెచ్చాడు.

కట్టు మార్పించడానికి కాకినాడ వెళ్ళిరావడం ఒకటే మిగిలింది. ఆటోలకి పెట్టుకోలేరు. పోతురాజు గట్టెక్కి బంగార్రాజు ఇంటికి వెళ్ళాడు. ఆయన అరటిగెలల వ్యాను ఒకటి రావులపాలెం వెళ్తే, ఇంకోటి కాకినాడ వెళ్తుంది. సంగతి విని బంగార్రాజు వెంటనే ఒప్పుకున్నాడు. "ముందు సీటు మీకే వదిలేస్తాం పోతురాజుగారూ. దానికి ఒక చిన్న బ్యానరు కట్టిద్దాం, 'బంగార్రాజు ఉచిత...'"

"బ్యానరు వద్దండి."

"ఏం?"

పోతురాజు ఫ్లెక్సీ సంగతి దాచకుండా చెప్పాడు. బంగార్రాజు మొహం చిన్నబోయింది. ఆయనకి అది తెలియదు. మంచి చేశాననే అనుకున్నాడు. "మరి నేనేం చెయ్యాలండీ?" అన్నాడు చివరికి.

"మీ వ్యానుకి కూడా వాటా వేస్తాం. బోటుకేసినట్టే. చేప మీ ఇంటికి వస్తుంది. మీరూ మాలో ఒకరు."

బంగార్రాజు పకపకా నవ్వాడు. "నాకు వాటానా! రేపట్నుంచి కార్తీకం కదండీ, చేప ముట్టను. నెలయ్యాక పంపండి. ఈ నెల్లోనే పడే చీరమేను చేప దొరికితే దాచి పెట్టండి మరి."

"చీరమేను దాస్తే ఉంటుందేంటండీ? ఎండగట్టి పంపుతాం" అన్నాడు పోతురాజు.

కార్తీకమంతా అచ్చాయమ్మ మెట్లమీద పీటేసుకుని, కట్టు కట్టిన కాలు ఎదరున్న ఐసు పెట్టె మీద చాపుకుని కూచుంది. మొదట్లో ఆడవాళ్ళు సిగ్గుపడ్డారు. "మడమలు పగిలాయి, నవ్వుతావు" అన్నారు. "నావి చూసి నవ్వండే ముందు" అంది. ఒకామె వేళ్ళ మధ్య పుండు దొరికింది. ఇంకొకామె అరికాల్లో గాజుపెంకు. రెండూ ముదరకముందే పావని దగ్గరికి చేరాయి. వాళ్ళు పడుకున్న రోజులకి వాటా ఇంటికి వెళ్ళింది. ఎవరూ ఫొటో తీయలేదు.

ఒకటి మాత్రం అచ్చాయమ్మకి మింగుడుపడలేదు. ఆ రేవులో చెప్పులు వేసుకోరు. గంగమ్మ తల్లి గుడి ఉన్న చోటని మెట్ల పైనే విడిచి వస్తారు. ముళ్ళూ గాజుపెంకులూ దిగేది సరిగ్గా అక్కడే. పోతురాజు ఈ ఆచారానికి కాపలాదారు. చెప్పులతో దిగిన కుర్రాళ్ళని మెట్లమీంచే వెనక్కి తరిమిన రోజులున్నాయి.

మార్గశిరం వచ్చేసరికి పుండు మానింది. వేలు ఒకటి లేదు కానీ పాదం నిలిచింది. డాక్టరమ్మ చెప్పులతో నడవమంది. చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వద్దంది. ఆ రోజు పాట మొదలెట్టడానికి పోతురాజు మెట్లు దిగుతుంటే అచ్చాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నయ్యా, కాళ్ళు."

"నాకేంటే? నేను తట్టెత్తుతానా?"

"నీకు షుగరు ఉందని వదిన చెప్పింది. కాలు పెట్టు."

రేవులో బోట్లు ఆగి ఉన్నాయి, చేప తెల్లగా మెరుస్తోంది, జనమంతా చూస్తున్నారు. ఎవరి ముందూ కాలు చాపని మనిషి. చాపాడు. అచ్చాయమ్మ అరికాలు తిప్పి చూసి, గోటితో మడమ పగులు నొక్కి, "ఇక్కడ తెలుస్తోందా?" అంది.

"తెలుస్తోంది... కొంచెం."

"కొంచెమేనా." అచ్చాయమ్మ పావనికేసి చూసి, మళ్ళీ ఆయనకేసి తిరిగింది. "పావని దగ్గరికెళ్ళి చూపించుకో. ముందు పైకెళ్ళి చెప్పులేసుకురా. బోటెక్కే బల్ల దగ్గర విడుద్దువుగాని. అంతదాకా వేసుకునే రావాలి. నువ్వొక్కడివే కాదు, అందరూ."

"గంగమ్మ..."

"గంగమ్మకి మనుషులు కావాలా, చెప్పుల్లేని కాళ్ళు కావాలా? పాదాలు చూసే పని నాకిచ్చారు. ఇది నా కట్టుబాటు. గోడమీద నువ్వే రాయాలి."

పోతురాజు గంగమ్మ గుడికేసి చూశాడు, ఐసు గది గోడకేసి చూశాడు. తను నీలంరంగుతో రాసిన దాంట్లో "పడవెక్కే" పక్కన "తట్టెత్తే" అని తర్వాత చేర్చిన మాట ఇరుకుగా ఉంది. కింద ఇంకో వరసకి చోటుంది.

"నేనొచ్చేదాకా పాట ఆపండ్రా" అని అవతలి లంకలో గేదెలకి వినపడేలా అరిచి, చెప్పుల కోసం మెట్లెక్కాడు.